మొదటి ఆవిరి ఇంజన్ రాకెట్టేనా? మరి లీడ్స్ బొగ్గు లైను సంగతేంటి?

కరీంనగర్_కిరణ్
మా వాడు ఎనిమిదో తరగతి. మొన్న ఒక క్విజ్ పోటీలో "వ్యాపారానికి పనికొచ్చిన మొదటి ఆవిరి రైలింజన్ ఏది?" అని అడిగితే "సలమాంకా, 1812" అని రాశాడు. తప్పన్నారు. వాళ్ల దగ్గరున్న జవాబు "రాకెట్, 1829". నేను వెళ్లి అడిగితే "రాకెట్ కట్టిన స్టీఫెన్‌సన్ పేరు ప్రపంచమంతా తెలుసు, ఈ సలమాంకా ఎక్కడిదండీ" అని పంపించేశారు. మార్కు పోయిందని కాదు నా బాధ. కష్టపడి చదివినవాడు తల వంచుకుని ఇంటికి రావడం చూసి కడుపు మండిపోయింది. ఇక్కడ రైల్వే సంగతులు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. అసలు ఆ ఇంజన్ కథేంటి? వాడు రాసింది సరైనదేనా?

పట్టాలరాజు
వాడిది నూటికి నూరు పాళ్లు సరైన జవాబు. రాకెట్ 1829లో రెయిన్‌హిల్‌లో జరిగిన రైలింజన్ల పోటీ గెలిచింది, గొప్పదే. కానీ దానికి 17 ఏళ్ల ముందే ఇంగ్లండ్‌లో లీడ్స్ ఊరి దగ్గర మిడిల్టన్ బొగ్గు గని లైను మీద ఆవిరి ఇంజన్లు రోజువారీ డ్యూటీ చేస్తున్నాయి. బాబుకి నా తరఫున షేక్‌హ్యాండ్ ఇవ్వండి.

సందేహాల_సుబ్బు
ఒక్క నిమిషం. 1804లో ట్రెవిథిక్ అనే ఇంజనీర్ వేల్స్‌లో ఆవిరి రైలింజన్ నడిపాడు కదా? అలా చూస్తే సలమాంకా కూడా మొదటిది కాదు.

చరిత్ర_పిచ్చి
సుబ్బుగారూ, ప్రశ్నలో "వ్యాపారానికి పనికొచ్చిన" అన్న మాట చూడండి, కీలకం అక్కడే ఉంది. ట్రెవిథిక్ ఇంజన్ పెనిడారన్ లైను మీద 10 టన్నుల ఇనుము లాగి చూపించింది. పని చేసింది, కానీ దాని బరువుకి పోత ఇనుప పట్టాలు విరిగిపోయాయి. యజమానులు మళ్లీ గుర్రాలకే పోయారు. పట్టుమని కొన్నేళ్లు నడిచి, పెట్టిన డబ్బు వెనక్కి తెచ్చిన మొదటి ఇంజన్లు మాత్రం మిడిల్టన్‌వే.

కిరణ్‌గారూ, మీవాడి కోసం కథ మొత్తం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మిడిల్టన్ గనులు బ్రాండ్లింగ్ కుటుంబానివి. అక్కడి నుంచి లీడ్స్ ఊళ్లోకి బొగ్గు తేవడానికి 1758లో చార్లెస్ బ్రాండ్లింగ్ పార్లమెంటులో ఒక చట్టమే చేయించుకున్నాడు. రైలు మార్గం కోసం పార్లమెంటు చేసిన మొదటి చట్టం అది. ఊరికి ఇంత బొగ్గు, ఇంత ధరకి ఏటా ఇస్తానని మాట ఇచ్చి, బదులుగా దారి హక్కు తీసుకున్నాడు. అప్పుడన్నీ గుర్రాలే.

తర్వాత నెపోలియన్ యుద్ధాలొచ్చాయి. గుర్రాలు సైన్యానికి కావాలి, వాటి దాణా ధర ఆకాశానికంటింది. బొగ్గు గనిలో బొగ్గుకి కొదవ లేదు, గడ్డికే కరువు. అప్పుడు గని వ్యవహారాలు చూసే జాన్ బ్లెంకిన్సాప్ బుర్రకి పదును పెట్టాడు. పట్టా పక్కనే పళ్లు పోత పోయించి, ఇంజన్‌కి ఒక పళ్ల చక్రం పెట్టి, ఆ పళ్లు పట్టుకుని ముందుకు పాకేలా చెయ్యడం అతని ఉపాయం. 1811లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంజన్ కట్టింది లీడ్స్‌లోనే రౌండ్ ఫౌండ్రీ నడిపే మాథ్యూ మర్రే. 1812 ఆగస్టులో జనం ముందు నడిపించారు. ఆ ఏడాది జులైలో స్పెయిన్‌లో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ గెలిచిన యుద్ధం పేరే ఇంజన్‌కి పెట్టారు, సలమాంకా అని. దానితో పాటు ప్రిన్స్ రీజెంట్, తర్వాత లార్డ్ వెల్లింగ్టన్, మార్క్విస్ వెల్లింగ్టన్, మొత్తం నాలుగు ఇంజన్లు.

కరీంనగర్_కిరణ్
వాడు పక్కనే కూర్చుని చదువుతున్నాడు. "పళ్లు ఎందుకు పెట్టారు, మామూలు చక్రాలు సరిపోవా?" అని అడుగుతున్నాడు.

మెకానికల్_మూర్తి
సరిపోతాయి బాబూ. నా దృష్టిలో ఆ పళ్ల చక్రం అనవసరపు ఖర్చు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుందన్న భయంతో పెట్టారు. ఏడాది రెండేళ్లలోనే వైలం గనిలో విలియం హెడ్లీ పఫింగ్ బిల్లీ అనే ఇంజన్ కట్టి, నున్నటి చక్రాలతోనే లాగొచ్చని నిరూపించాడు. 1814లో స్టీఫెన్‌సన్ కట్టిన బ్లూచర్ ఇంజన్ కూడా అంతే. మిడిల్టన్ దారి ఒక పక్క సందులోకి పోయి ఆగిపోయింది.

చరిత్ర_పిచ్చి
మూర్తిగారూ, మీతో అస్సలు ఒప్పుకోను. బ్లెంకిన్సాప్ సమస్య జారడం ఒక్కటే కాదు, పట్టా విరగడం. ట్రెవిథిక్ దెబ్బతిన్నది అక్కడే. నున్నటి చక్రంతో ఎక్కువ లాగాలంటే ఇంజన్ బరువు పెంచాలి. బరువు పెంచితే పోత ఇనుప పట్టా పుటుక్కున విరుగుతుంది. పళ్లు పెడితే తేలిక ఇంజన్‌తోనే పెద్ద బరువు లాగొచ్చు. సలమాంకా బరువు సుమారు 5 టన్నులు, చదును మీద లాగింది 90 టన్నుల పైమాట. మీరు మెచ్చుకున్న వైలంలో కూడా పట్టాలు విరుగుతుంటే బరువు పంచడానికి ఇంజన్‌కి ఎనిమిది చక్రాలు పెట్టాల్సి వచ్చింది. అది మాత్రం అదనపు ఖర్చు కాదా?

మెకానికల్_మూర్తి
పట్టాల పాయింటు బలమైనదే. అయినా పళ్లు ఒక్క పక్కనే ఉన్నాయి. నెట్టే బలమంతా ఒక పక్కనే పడితే ఇంజన్ మెలి తిరుగుతూ ఉంటుంది, ఎదురు పక్క చక్రాల అంచు అరిగిపోతుంది. పైగా లైను పొడవునా పళ్లున్న పట్టా పోత పొయ్యాలి. గని సొంత లైను కాబట్టి చెల్లింది, వందల మైళ్లకి ఎవరు పెడతారు?

ఊటీరైలు
పక్క సందులో ఆగిపోయిందనడం మాత్రం అన్యాయం సార్. మెట్టుపాళయం నుంచి కూనూర్ ఎక్కే ఊటీ కొండ బండి ఇప్పటికీ పళ్ల పట్టా మీదే పాకుతోంది. కల్లార్ దాటాక ఇంజన్ గొంతు మారిపోతుంది, ఒక్కో పన్నూ పట్టుకుంటూ ఎక్కుతున్నట్టు ఒంటికి తెలుస్తుంది.

మెకానికల్_మూర్తి
అక్కడ 12.5 అడుగులకి ఒక అడుగు ఎక్కాలి, పళ్లు లేకపోతే ఇంజన్ అడుగు ముందుకు పడదు. పైగా అది ఆబ్ట్ పద్ధతి. పళ్ల బద్దీలు పట్టాల మధ్యలో ఉంటాయి, పక్కన కాదు. కొండకి పళ్లు కావాలని నేనూ అంటాను. నేనన్నది మిడిల్టన్ చదును భాగం గురించి.

డోర్నకల్_జంక్షన్
మా నాన్నగారు స్టీమ్ రోజుల్లో ఫైర్‌మన్‌గా చేరి డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఆయన చెప్పిన ముక్క ఒకటి. బొగ్గు లైన్లలో పట్టా మీద సన్నటి బొగ్గు పొడి ఉంటుంది. ఎండలో ఫర్వాలేదు. తొలకరి చినుకు పడ్డాక ఆ పొడి జిగురు బురదలా అవుతుంది, అప్పుడు చూడాలి ఇంజన్ తిప్పలు. చక్రాలు గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సిలిండర్లకి ఆవిరి పంపే రెగ్యులేటర్ మూసి, పట్టా మీద ఇసుక వదిలి, మెల్లగా మళ్లీ తెరవాలి. డబ్ల్యూజీ అనే పెద్ద గూడ్స్ ఇంజన్లకే ఆ అవస్థ. 1812లో 5 టన్నుల ఇంజన్ నడిపేవాళ్లు పళ్లు కావాలని కోరుకున్నారంటే నాకు న్యాయంగానే ఉంది.

లెక్కల_టీచర్
లెక్క వేసి చూద్దాం. బరువంతా నడిపే చక్రాల మీదే ఉందనుకున్నా, పొడి పట్టా మీద దొరికే పట్టు బరువులో ఐదో వంతు అనుకోండి. 5 టన్నుల ఇంజన్‌కి 1 టన్ను లాగుడు. తడిసి మురికిపడితే అందులో సగం కూడా ఉండకపోవచ్చు. పళ్ల చక్రానికి ఈ పరిమితి లేదు, సిలిండర్లలో ఎంత సత్తువ ఉంటే అంతా లాగుడుకే పోతుంది. కిరణ్‌గారూ, బాబుకి ఇది నోట్సులో రాయించండి, ఫిజిక్స్‌లో ఘర్షణ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కరీంనగర్_కిరణ్
రాసేసుకున్నాడు టీచర్‌గారూ. పేజీ నిండిపోయింది, ఇప్పుడు బొమ్మ వేస్తున్నాడు. పళ్లు ఎలా ఉంటాయో తెలియక ఆగాడు.

లీడ్స్‌లో_లక్ష్మి
నేను చెప్తాను, ఆ పట్టా ముక్క మ్యూజియంలో చూశాను. రంపం పళ్లలా మొనదేలి ఉండవు. పట్టా బయటి పక్కన వరుసగా అరచంద్రాల్లాంటి గుండ్రటి బుడిపెలు, పట్టాతో కలిపే పోత పోసినవి. ఒక్కో పట్టా గజం పొడవే, కాబట్టి అడుగడుక్కీ అతుకే. అంచులు అరిగి నున్నబడిపోయాయి, పోత ఇనుములోని సన్నటి గుంటలు కంటికి కనిపిస్తాయి.

బాబుకి ఇంకో సంగతి కూడా చెప్పండి. ఇంజన్ మామూలు చక్రాలు బరువు మొయ్యడానికే. తోసేది పళ్ల చక్రం ఒక్కటే. సిలిండర్లు రెండూ బాయిలర్ లోపలికి దిగేసి నిలువుగా ఉంటాయి, పైన పిస్టన్ కడ్డీలు లేచి దిగుతుంటాయి.

మెకానికల్_మూర్తి
లక్ష్మిగారు మంచి పాయింటు తెచ్చారు. రెండు సిలిండర్లు పెట్టడం మర్రే చేసిన అసలైన గొప్ప పని. ట్రెవిథిక్ పెనిడారన్ ఇంజన్‌కి ఒక్కటే సిలిండర్, అందుకే తిరుగుడు మధ్యలో ఆగకుండా అంత పెద్ద బరువు చక్రం (ఫ్లైవీల్) కావాల్సి వచ్చింది. మర్రే రెండు సిలిండర్లూ చక్రాన్ని తిప్పే చేతుల్ని (క్రాంకుల్ని) లంబకోణంలో పెట్టాడు. ఒకటి చివరికొచ్చి బలం లేకుండా ఉన్న క్షణంలో రెండోది పూర్తి బలంతో నెడుతుంది. ఇంజన్ ఏ స్థితిలో ఆగినా మళ్లీ కదులుతుంది. తర్వాత వచ్చిన రైలింజన్లు చాలావరకు ఈ దారే పట్టాయి. పళ్లు పెట్టినందుకు కాదు, ఇందుకు సలమాంకాకి దణ్ణం పెడతాను.

పట్టాలరాజు
మూర్తిగారు దణ్ణం పెట్టారంటే సగం గెలిచినట్టే.

యైటింక్లైన్_యాదగిరి
బాయిలర్ పేలిందని ఎక్కడో చదివాను, అది ఈ ఇంజనేనా?

చరిత్ర_పిచ్చి
ఇదే. 1818లో సలమాంకా బాయిలర్ పేలి డ్రైవర్ చనిపోయాడు. 1834లో ఇంకో ఇంజన్ పేలింది, ఆ డ్రైవర్ జేమ్స్ హ్యూయిట్ కూడా పోయాడు. ప్రపంచంలో జీతానికి రోజూ రైలింజన్ నడిపిన మొదటి మనిషిగా హ్యూయిట్‌నే చెప్తారు. 1818 ప్రమాదం గురించి స్టీఫెన్‌సన్ పార్లమెంటు కమిటీ ముందు మాట్లాడుతూ, ఆవిరి మరీ ఎక్కువైతే బయటికి వదిలే సేఫ్టీ వాల్వుతో డ్రైవర్ ఆటలాడటం వల్లే జరిగిందన్నాడు.

యైటింక్లైన్_యాదగిరి
గనుల్లో పుట్టి పెరిగినవాణ్ణి. ప్రమాదం జరిగితే మొదటి మాట "కార్మికుడి నిర్లక్ష్యం" అనే వస్తుంది. చచ్చిపోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పలేడు కదా. రెండొందల ఏళ్ల కింద కూడా ఇదే మాట అన్నమాట.

సందేహాల_సుబ్బు
కానీ యాదన్నా, నిజంగానే వాల్వు బిగించి ఉండొచ్చు కదా? ఆ రోజుల్లో వాల్వంటే ఒక మీట, దాని చివర ఒక బరువు. ఇంకాస్త బరువు తగిలిస్తే లోపల ఆవిరి ఇంకా పెరుగుతుంది, బండి గట్టిగా లాగుతుంది. డ్రైవర్లు అలా చేసేవాళ్లని చాలాచోట్ల రాశారు.

డోర్నకల్_జంక్షన్
సుబ్బు, చేసి ఉండొచ్చు. కానీ ఎందుకు చేస్తాడో ఆలోచించు. వెనక అన్ని టన్నుల బొగ్గు, పైన ఎక్కుడు, ఆగిపోతే మేస్త్రీ తిట్లు. బరువు తగిలించేది సరదాకి కాదు.

ఇంకా ముఖ్యమైన సంగతి, ఆ బాయిలర్ దేంతో చేశారు? పోత ఇనుముతో. రెండు ముక్కలు పోసి, మధ్యలో అంచులు కలిపి బోల్టులు బిగించారు. పోత ఇనుము ముందు సాగి, ఉబ్బి, హెచ్చరించి విరిగే రకం కాదు. ఒక్కసారే పగులుతుంది. మా నాన్నగారి కాలంలో ఉక్కు బాయిలర్ మీద 210 పౌండ్ల ప్రెషర్‌తో డబ్ల్యూజీలు నడిచాయి. అయినా డ్యూటీ ఎక్కగానే ముందు చూసేది బాయిలర్‌లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసు. కింది కాక్ తిప్పి నీళ్లు వదిలేస్తారు, మూసెయ్యగానే గ్లాసులోకి నీళ్లు ఎగిరి మళ్లీ మట్టానికి రావాలి. నింపాదిగా, మొరాయిస్తూ వచ్చిందంటే దారిలో మడ్డి అడ్డుపడిందని అర్థం, అప్పుడు గ్లాసులో కనిపించే మట్టాన్ని నమ్మకూడదు. నీళ్లు తగ్గి ఫైర్‌బాక్స్ (నిప్పుల పెట్టె) పైకప్పు బయటపడితే అక్కడ లెడ్ ప్లగ్గు కరిగి ఆవిరి నేరుగా నిప్పు మీదకి వస్తుంది. పేలుడుకి ముందు వచ్చే హెచ్చరిక అది. ఈ రక్షణలన్నీ వాళ్ల లాంటి వాళ్లు చచ్చిపోయాక ఒక్కొక్కటే వచ్చాయి. అందుకే తప్పంతా డ్రైవర్ మీదకి నెట్టేస్తే నేను ఊరుకోను.

చరిత్ర_పిచ్చి
జంక్షన్ అన్నా, బాగా చెప్పావు. తర్వాత డ్రైవర్ చేతికి అందకుండా తాళం వేసిన వాల్వులు వచ్చాయి. 1850ల్లో రామ్స్‌బాటమ్ అనే ఇంజనీర్ రెండు వాల్వుల్ని ఒకే స్ప్రింగుతో కలిపాడు. మీటని నొక్కినా ఎత్తినా ఏదో ఒక వాల్వు తెరుచుకుంటుంది. మనిషి ఎలాగూ అలసిపోతాడు, తొందరపడతాడు, వాడు తొందరపడ్డా ఎవరూ చావకూడదని యంత్రాన్నే మార్చారు. 1818లో చెయ్యాల్సిన పని అది.

ఇంకో చావు సంగతి కూడా చెప్పాలి. 1813లో ఇంజన్ పక్కన పరిగెడుతూ 13 ఏళ్ల పిల్లవాడు దాని కింద పడి పోయాడు. కిరణ్‌గారూ, బాబు వయసే. అది వాడికి చెప్పాలో లేదో మీ ఇష్టం.

కరీంనగర్_కిరణ్
చదివాడు అప్పటికే. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడు కంచె లేదా నాన్నా?" అన్నాడు. లేదన్నాను.

రామగుండం_రాణి
ఇంత చేసి చివరికి మళ్లీ గుర్రాలకే వెళ్లారని ఎక్కడో చూశాను. నిజమా? అదే నిజమైతే రాకెట్ అన్నవాళ్లకి ఒక పాయింటు దొరికినట్టే కదా.

చరిత్ర_పిచ్చి
నిజమే రాణిగారూ. బ్లెంకిన్సాప్ 1831లో పోయాడు. ఇంజన్లు, పళ్ల పట్టాలు అరిగిపోయాయి. యుద్ధం ఎప్పుడో అయిపోయింది కాబట్టి దాణా మళ్లీ చవకైంది. 1835లో గుర్రాలొచ్చాయి. 1866 వరకు అవే. కానీ 1812 నుంచి లెక్క వేసుకోండి, ఇరవై ఏళ్ల పైన ఆవిరి మీద నడిచింది. పనికిరానిదైతే అంతకాలం ఎవరూ నడపరు. ఇదే రకం ఇంజన్లు ఒర్రెల్‌లో, న్యూకాసిల్ పక్కన కాక్స్‌లాడ్జ్ గనిలో కూడా పెట్టారు. బెర్లిన్‌లో నకలు తీశారు. రష్యా రాజకుమారుడు నికొలస్ స్వయంగా వచ్చి చూసి వెళ్లాడు. ఇంకేం కావాలి?

మెకానికల్_మూర్తి
నా లెక్క వేరే. తిరిగి గుర్రాలకి వెళ్లడమే పళ్ల పద్ధతి ఖర్చు ఎంతో చెప్తోంది. నున్నటి చక్రాల ఇంజన్లయితే అరిగిన వాటి స్థానంలో కొత్తవి కొనేవాళ్లు. అయినా బాబు జవాబు సరైనదే, దాని మీద నాకు రెండో మాట లేదు.

పట్టాలరాజు
ఇల్లెందులో గని తవ్వకం మొదలయ్యేసరికి ఈ గొడవలన్నీ తీరిపోయాయి. 1871లో డాక్టర్ కింగ్ అక్కడ బొగ్గు కనిపెట్టాడు, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి హక్కులిచ్చారు, బొగ్గు కోసమే డోర్నకల్ నుంచి కొమ్మ లైను వేశారు. అప్పటికి పట్టా ఉక్కుది, ఇంజన్ ఎంత బరువున్నా మోస్తుంది. మిడిల్టన్‌లో పడ్డ కష్టాలు మనవాళ్లు పడాల్సిన పని లేకపోయింది.

యైటింక్లైన్_యాదగిరి
పట్టా కష్టాలు లేవేమో రాజన్నా, మిగతా కష్టాలు అన్నీ ఉన్నాయి. అది వేరే థ్రెడ్‌లో మాట్లాడుకుందాం, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

సందేహాల_సుబ్బు
లక్ష్మిగారూ, ఆ లైను ఇప్పుడు ఉందా? వస్తే చూడొచ్చా?

లీడ్స్‌లో_లక్ష్మి
ఉంది, హాయిగా చూడొచ్చు. 1866లో ఆవిరి మళ్లీ వచ్చింది, ఈసారి పళ్లు లేకుండా. లైను వెడల్పు మొదట 4 అడుగుల 1 అంగుళం, 1881లో మామూలు వెడల్పుకి మార్చారు. 1960 జూన్‌లో స్వచ్ఛందంగా పనిచేసే జనం చేతిలోకి వచ్చింది, బ్రిటన్‌లో మామూలు వెడల్పు లైనుని అలా నడపడం అదే మొదలు. లీడ్స్ విశ్వవిద్యాలయం వాళ్లే ముందుండి నడిపించారు. గని మాత్రం 1968లో మూతపడింది.

ఇప్పుడు మూర్ రోడ్ స్టేషన్ నుంచి పార్క్ హాల్ట్ దాకా నడుస్తుంది, సుమారు మైలు. అక్కడున్నవన్నీ పెద్ద ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు కావు, ఫ్యాక్టరీల్లో, గనుల్లో వ్యాగన్లు అటూ ఇటూ జరిపిన పొట్టి ట్యాంక్ ఇంజన్లు. సర్ బర్క్‌లీ 1891ది, మానింగ్ వార్డిల్ తయారీ. మాథ్యూ మర్రే పేరుతోనే 1903 నాటి ఇంజన్ ఒకటుంది. హెన్రీ డి లేసీ 2 అనే హడ్స్‌వెల్ క్లార్క్ ఇంజన్ 1917ది. ఈ రెండు కంపెనీలూ లీడ్స్‌లోని హన్స్‌లెట్ పేటలోవే, గోడకి గోడ ఆనుకుని ఉండేవి. పెద్ద సెలవుల్లో వస్తే జనాన్ని డబ్బాల్లోకి ఎక్కించే వాలంటీర్లే పిల్లల్ని దగ్గరికి పిలిచి నిప్పుల పెట్టె చూపిస్తారు. ఏ రోజు ఆవిరి, ఏ రోజు డీజిల్ అనేది ముందే ప్రకటిస్తారు, అది చూసుకుని బయల్దేరండి.

ఊటీరైలు
హన్స్‌లెట్ అనగానే గుర్తొచ్చింది. మన దేశంలోని పాత ఆవిరి ఇంజన్ ఫెయిరీ క్వీన్ కూడా లీడ్స్‌దే కదా?

చరిత్ర_పిచ్చి
అవును, 1855లో కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్‌సన్ కంపెనీ కట్టింది, వాళ్ల కార్ఖానా హన్స్‌లెట్‌లోనే. దాని తోబుట్టువు, ఎక్స్‌ప్రెస్ అనే పేరున్న ఇంజన్ కూడా అదే కంపెనీ, అదే ఏడాది. మద్రాసులోని పెరంబూర్ లోకో వర్క్స్ వాళ్లు దాన్ని బాగుచేసి 2010లో మళ్లీ ఆవిరి పట్టించారు. మర్రే ఫౌండ్రీలో పని నేర్చిన ఊరు అది, అక్కణ్ణుంచే ప్రపంచమంతా ఇంజన్లు వెళ్లాయి.

కరీంనగర్_కిరణ్
ఎక్స్‌ప్రెస్ సంగతి తెలియగానే "మద్రాసు ఎప్పుడు వెళ్దాం" అని మొదలుపెట్టాడు. మా బావమరిది పెరంబూర్ పక్కనే ఉంటాడు, దసరా సెలవులకి అనుకుంటున్నాం. క్విజ్ వాళ్లకి మాత్రం ఈ థ్రెడ్‌లోని వివరాలతో ఒక ఉత్తరం రాస్తున్నాను. మార్కు అడగను, వచ్చే ఏడాది ఆ ప్రశ్నకి జవాబు సరిచెయ్యమని మాత్రం అడుగుతాను.

మెకానికల్_మూర్తి
ఉత్తరంలో "కనిపెట్టింది బ్లెంకిన్సాప్" అని ఒక్కడి పేరే రాయకండి. పళ్ల పేటెంట్ అతనిది, ఇంజన్ మర్రేది. ఎక్కువ ప్రెషర్ ఆవిరి ఆలోచనకి ట్రెవిథిక్‌కి పేటెంట్ రుసుము కూడా కట్టారు. ముగ్గురి పేర్లూ రాయండి.

డోర్నకల్_జంక్షన్
నలుగురు. హ్యూయిట్ పేరు కూడా రాయండి.